మాఘమాసంలో పోయిన శుభలేఖలు

మొన్న శనివారం మధ్యాహ్నం ఒక రిటైర్డ్ మాస్టారు ల్యాప్‌టాప్ గుడ్డసంచిలో పెట్టుకుని మా షాపుకి వచ్చారు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సపోర్టు అయిపోయిందని, విండోస్ 11 ఈ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కదని వాళ్లబ్బాయి ఫోన్లో చెప్పాడట. ఎక్కదన్న మాట నిజమే. అందులో ఉన్నది ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్. విండోస్ 11కి ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం నుంచి కావాలి, టీపీఎం 2.0 అనే చిప్ కూడా ఉండాలి. పేరు నమోదు చేసుకుంటే పాత విండోస్‌కే ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా, భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఆ తర్వాత సంగతి?

"నువ్వు వాడుతున్నదేదో నాకూ వేసెయ్యమ్మా" అన్నారు. నేను వాడేది లినక్స్ మింట్, విండోస్ బదులు ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సిస్టం. అన్న మరునిమిషమే ఆయనకి అనుమానం వచ్చింది. "ఓపెన్ సోర్స్ అంటే లోపలి రాతంతా బయటే ఉంటుంది కదా. మనకి కనబడేది దొంగకీ కనబడుతుంది. మరది భద్రం ఎలాగవుద్ది?"

షాపులో ఇద్దరు ప్రూఫుల కోసం నిలబడి ఉన్నారు. ఏదో రెండు ముక్కలు చెప్పి ఆయన్ని పంపేశాను. రాత్రి ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. ఆ ప్రశ్న నేను కూడా ఒకప్పుడు అడిగినదే. దానికి జవాబు నాకు పుస్తకాల్లోంచి రాలేదు, చాలా పోగొట్టుకున్నాక వచ్చింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లాకి ముఖ్యపట్టణం. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. మా షాపులో శుభలేఖలు తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో వేస్తాం. ఒకే పెళ్లికి రెండు రకాల కార్డులు అడగడం ఇక్కడ మామూలే. పిల్ల తరఫు చుట్టాలు టెక్కలి, శ్రీకాకుళం వైపు ఉంటారు, పిల్లాడి తరఫు వాళ్లు బరంపురం వైపు ఉంటారు. నాన్న ట్రెడిల్ అనే పాత అచ్చు మెషిన్ మీద అచ్చు వేసి ఈ షాపుని నిలబెట్టారు. నేను డీటీపీ నేర్చుకుని దాన్ని నడుపుతున్నాను.

2020 ఫిబ్రవరి మొదటి వారం. మాఘమాసం ముహూర్తాలు. పదకొండు పెళ్లిళ్ల కార్డులు చేతిలో ఉన్నాయి. అందులో మూడింటికి ఫైనల్ ప్రూఫ్ అయిపోయింది, పొద్దున్నే అచ్చుకి మాస్టర్ కాపీ తీయాలి. షాపు తీసి, దీపం పెట్టి, సిస్టం ఆన్ చేశాను. డెస్క్‌టాప్ మీద ఫైళ్లన్నీ ఉన్నాయి గానీ బొమ్మలు మారిపోయి తెల్ల కాగితాల్లా కనబడుతున్నాయి. ఒక్కో ఫైలు పేరు చివర నాలుగక్షరాల తోక ఒకటి కొత్తగా తగిలింది. నొక్కితే తెరుచుకోవు. ప్రతి ఫోల్డర్‌లోనూ రీడ్‌మీ అని ఒక చిన్న టెక్స్ట్ ఫైలు. అది మాత్రం తెరుచుకుంది. మీ ఫైళ్లన్నీ మేం తాళం వేశాం, తాళంచెవి కావాలంటే 980 డాలర్లు, 72 గంటల్లోపు మాట్లాడితే సగం ధర, 490 అని ఇంగ్లీషులో రాసి ఉంది. అప్పటి లెక్కన 490 డాలర్లంటే ముప్పై ఐదు వేల రూపాయలు. నా చేతులు చల్లబడిపోయాయి.

నాన్న వచ్చి నా మొహం చూసి "ఏటి తల్లీ, ఏటయింది?" అన్నారు. చెప్పడానికి నాకు మాట రాలేదు.

తర్వాత తెలుసుకున్నాను, దాని పేరు స్టాప్ లేదా డెజావు అంటారు. ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్. పెద్ద కంపెనీల మీద పడే రకం అది కాదు. మనలాంటి వాళ్ల మీదే పడుతుంది, ఎందుకంటే అది ముఖ్యంగా తిరిగేది కొనకుండానే సాఫ్ట్‌వేర్ తెరిచే దొంగ పనిముట్ల మీద, అంటే క్రాక్‌ల మీద, కీజెన్‌ల మీద. సరిగ్గా అంతకు ముందు రోజు సాయంత్రం, సిస్టంలు చూసే అబ్బాయి వచ్చి పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేశాడు, క్రాక్‌తో సహా. వెయ్యమని అడిగింది నేనే. ఆ క్రాక్‌తో పాటు వచ్చిన కాగితంలో మొదటి లైను 'యాంటీవైరస్ ఆపండి' అని ఉంది. ఆపాం. కాసేపటికి విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు ఒక చిన్న డబ్బా తెర మీదకొచ్చింది. అక్కడ ఆగి ఆలోచించి ఉండాల్సింది. మా సిస్టంలో అప్‌డేట్లు ఎన్నో ఏళ్ల కిందటే ఆపేశాం, మరి అప్‌డేట్ ఎక్కడినుంచి వస్తుంది? ఆ డబ్బా దొంగది. అది తిరుగుతూ ఉండగానే లోపల ఫైళ్లకి తాళం పడిపోతోంది. పనంతా అయ్యేదాకా సిస్టం వదిలేసి మేం ఇంటికెళ్లిపోయాం.

ఎమ్సిసాఫ్ట్ అనే సంస్థ 2019 అక్టోబరులో దీనికి ఉచితంగా విరుగుడు ఒకటి ఇచ్చింది. నెట్ లేనప్పుడు తాళం పడి ఉంటే, అంటే అందరికీ ఒకటే తాళంచెవి వాడి ఉంటే, అది పనిచేసే అవకాశం ఉంది. మాది నెట్ ఉన్నప్పుడు పడిన తాళం, మాకోసం ప్రత్యేకంగా తయారైన చెవి. అది ఆ దొంగ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. డబ్బు కడదామని ఒక రాత్రంతా ఆలోచించాను. కట్టలేదు. కట్టినా ఇస్తాడని ఏమిటి నమ్మకం?

ఇంకో సంగతి కూడా తెలిసింది. పని తొందరగా ముగించుకోవడానికి అది ఒక్కో ఫైలులో మొదటి 150 కేబీ దాకా మాత్రమే గుప్తలిపిలోకి మారుస్తుంది. పెళ్లి వీడియోల్లాంటి పెద్ద ఫైళ్లలో మిగతా భాగం అలాగే ఉంటుంది, కొంత రాబట్టుకోవచ్చు. చిన్న ఫైలైతే మొత్తం పోయినట్టే. నా వీడియోలు కొన్ని వచ్చాయి. పోయినవన్నీ చిన్నవి. శుభలేఖల మేటరు, బాకీల లెక్క, వీటన్నిటికంటే ముఖ్యంగా, నాన్న రెండేళ్లుగా ఖాళీ దొరికినప్పుడల్లా నా పక్కన కూర్చుని చెబుతూ టైపు చేయించిన ఆయన ప్రెస్ జ్ఞాపకాలు. ఎనభై పేజీలు. ఉత్త అక్షరాలు, బొమ్మలు లేవు, కాబట్టి 150 కేబీ లోపలే మొత్తం అయిపోయింది.

శుభలేఖలు మూడు రాత్రులు మేల్కొని మళ్లీ కొట్టాను. పదకొండూ సమయానికే అందించాం. జ్ఞాపకాలు మళ్లీ రాద్దాం నాన్నా అంటే "ఆ రాత మళ్లీ రాదు తల్లీ" అన్నారు. ఆ తర్వాత రెండు మూడు సార్లు కూర్చున్నాం. పది పేజీల దగ్గర ఆగిపోయింది.

ఇంత చెప్పింది ఎందుకంటే, మాస్టారి ప్రశ్నకి మూలం ఇక్కడే ఉంది. ఓపెన్ సోర్స్ మంచిదా, కంపెనీ సాఫ్ట్‌వేర్ మంచిదా అని పట్నాల్లో వాళ్లు వాదించుకునేటప్పుడు, కంపెనీ సాఫ్ట్‌వేర్ అంటే డబ్బిచ్చి కొన్నదని వాళ్ల ఉద్దేశం. మా ఊళ్లో, మా చుట్టుపక్కల గుణుపురంలోగానీ మెళియాపుట్టిలోగానీ, చిన్న షాపుల్లో కంపెనీ సాఫ్ట్‌వేర్ అంటే చాలావరకు క్రాక్ చేసినదే. ఈ రెండూ ఒకటి కావు. డబ్బిచ్చి కొన్నదానికి వెనక మనుషులున్నారు, తప్పు దొరికితే దిద్ది పంపుతారు. క్రాక్ వేసినదానికి ఆ దారి మూసుకుపోతుంది. అప్‌డేట్ వస్తే యాక్టివేషన్ ఊడిపోతుందని భయం, అందుకని మనమే అప్‌డేట్ ఆపేస్తాం. అది మొదలు ఆ సిస్టం ఆగిపోయిన గడియారం.

వానాక్రై అనే రాన్సమ్‌వేర్ గుర్తుందా? 2017 మే 12న ప్రపంచమంతా ఒక్కసారి అంటుకుంది. అది దూరిన కన్నం విండోస్‌లో ఫైళ్లు పంచుకునే భాగంలో ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే అతుకు ఇచ్చేసింది, అంటే రెండు నెలల ముందే. అప్‌డేట్ చేసుకున్నవాళ్లకి ఆ కన్నం అప్పటికే పూడిపోయింది. చేసుకోని వాళ్ల దగ్గర పడింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయని అప్పట్లో పేపర్లో చదివాను. చదివి కూడా నా సిస్టంలో అప్‌డేట్లు ఆన్ చేయలేదు. ఆన్ చేస్తే క్రాక్ ఊడిపోతుందని.

'దొంగకీ కనబడుతుంది కదా' అన్న మాటకి కూడా జవాబు ఆ కథలోనే ఉంది మాస్టారూ. ఆ విండోస్ భాగం లోపలి రాత బయటివాళ్లకి కనబడేది కాదు. అయినా అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ ఆ కన్నం కనిపెట్టింది. కనిపెట్టి తన దగ్గరే దాచుకుని, అందులోంచి దూరే పనిముట్టు ఒకటి తయారు చేసుకుంది, ఎటర్నల్‌బ్లూ అని. 2017 ఏప్రిల్‌లో షాడో బ్రోకర్స్ అనే ముఠా దాన్ని నెట్‌లో పారేసింది. నెల తిరక్కుండా వానాక్రై వచ్చింది. దొంగకి రాత చూడాల్సిన అవసరం లేదు. తలుపు కొట్టి చూస్తూ, తోసి చూస్తూ, ఎక్కడ వదులుందో పట్టుకుంటాడు. అతనికి కావలసినంత ఓపికా తీరికా ఉన్నాయి. రాత దాచిపెడితే చూడలేకపోయేది ఎక్కువగా మంచివాళ్లే.

ఇక్కడ నాన్న ట్రెడిల్ సంగతి చెప్పాలి. ట్రెడిల్‌కి మూత ఉండదు. చక్రం, రోలర్లు, సిరా పళ్లెం అన్నీ కళ్లెదుటే ఆడుతుంటాయి. రోలర్ సరిగ్గా తగలకపోతే అక్షరం ఒక పక్క పేలవంగా పడుతుంది. నాన్న కాగితం చూసి ఏ బోల్టు వదులైందో చెప్పేసేవారు, స్పానర్ తీసి అక్కడికక్కడే బిగించేవారు. తర్వాత ఒక చిన్న సెకండ్‌హ్యాండ్ ఆఫ్‌సెట్ మెషిన్ కొన్నాం. దానికి అన్నివైపులా రేకు మూత. లోపల ఏదో విరిగితే విశాఖపట్నం నుంచి మెకానిక్ రావాలి. తొమ్మిది రోజులు ఎదురుచూశాం ఒకసారి. వచ్చినవాడు మమ్మల్ని దగ్గరకి రానివ్వకుండా విప్పి బిగించి వెళ్లాడు. ఏం చేశాడో, ఏం మార్చాడో ఈనాటికీ తెలియదు.

ఇది విని ఓపెన్ సోర్స్ అంతా ట్రెడిలే, కాబట్టి మంచిది అనేస్తే సగమే చెప్పినట్టు. ఎందుకంటే నాన్న ట్రెడిల్ ఊరందరికీ కనబడేది, కానీ దాన్ని బిగించగలిగింది నాన్నా, ఇంకొక కంపోజిటరూ, ఇద్దరే. నాన్న మోకాళ్లు నొప్పులొచ్చి కూర్చుండిపోయాక అది అలాగే తుప్పు పట్టింది. కనబడినంత మాత్రాన సరిపోదు. చూసేవాళ్లు ఉండాలి.

ఓపెన్ సోర్స్‌లో పెద్ద దెబ్బలు రెండూ ఇలాంటివే. మొదటిది హార్ట్‌బ్లీడ్. బ్యాంకు సైట్లకీ మెయిళ్లకీ తాళం వేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే భాగంలో 2012 మార్చిలో వచ్చిన వెర్షన్‌తో ఒక తప్పు బయటికొచ్చింది. 2014 ఏప్రిల్ 7 దాకా లోకానికి తెలియలేదు. రెండేళ్లు. రాత అంతా బయటే ఉంది, ఎవరైనా చదవచ్చు. ప్రపంచంలో ఎన్నో సైట్లు ఆధారపడిన ఆ పనిని చూసుకుంటున్నది మాత్రం గుప్పెడు మంది, వాళ్లందరికీ కలిపి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు రెండు వేల డాలర్లు. అది చదివినప్పుడు నాకు కోపం రాలేదు, సిగ్గనిపించింది. అందరం వాడుకున్నాం, ఎవరం అడగలేదు.

రెండోది 2024 మార్చి 29న బయటపడింది. నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించింది అదే. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లని నొక్కి చిన్నవి చేసే పనిముట్టు. ఎన్నో ఏళ్లుగా లాస్సె కోలిన్ అనే ఆయన ఒక్కడే చూసుకుంటున్నాడు. తనకి ఆరోగ్యం బాగుండటం లేదని, ఇది జీతం లేని పని అని ఆయన బహిరంగంగానే రాశాడు. అప్పటికే జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి సాయం చేయడం మొదలుపెట్టారు. రెండేళ్లకు పైగా ఓపిగ్గా, బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించారు. ఇంకొన్ని పేర్లతో వేరేవాళ్లు వచ్చి ఆయన్ని తొందరపెట్టారు, బాధ్యత అప్పగించమని. అప్పగించాడు. ఆ చేతులతోనే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు. ఆయన వేరే ఏదో వేగం కొలుచుకుంటుంటే, సర్వర్‌లోకి లాగిన్ అవడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పట్టింది. అర సెకను! ఇంకొకరైతే వదిలేసేవారు. ఆయన వదల్లేదు. తవ్వుకుంటూ పోతే అక్కడ తేలింది. జనం రోజూ వాడే స్థిరమైన వెర్షన్లలోకి అది ఇంకా పాకకముందే ఆపేశారు. ఆ ఫ్రోయిండ్ ఉద్యోగం చేసేది మైక్రోసాఫ్ట్‌లో.

ఈ కథని రెండు పక్షాల వాళ్లూ తమకి అనుకూలంగా చెప్పుకుంటారు. రాత బయట ఉండబట్టే ఆయన తవ్వగలిగాడన్నది నిజం. అలసిపోయిన ఒక్క మనిషి చేతిలో అంత భారం పెట్టడం వల్లే అది జరిగిందన్నదీ నిజం. మూసిన సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటివి జరగవని మాత్రం ఎవరూ అనలేరు. సిస్టంలు చూసేవాళ్లు మన ఊళ్లలో అలవాటుగా ఎక్కించే సీక్లీనర్ ఉంది కదా, 2017 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో దాని అసలు కంపెనీ సైటు నుంచే దొంగ కోడ్ కలిసిన వెర్షన్ 5.33 దిగింది. ఇరవై రెండు లక్షల మందికి పైగా దాన్ని వేసుకున్నారు.

మరి నేను ఏం చేశానంటే, అదే 2020లో లాక్‌డౌన్ వచ్చింది. పెళ్లిళ్లు ఆగిపోయాయి, షాపు మూత. చేతిలో తీరిక, కడుపులో బెంగ. లినక్స్ మింట్ వేద్దామనుకున్నాను. ఇంట్లో నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే, రోజుకి ఒకటిన్నర జీబీ. ఆ ఫైలు రెండు జీబీ దాకా ఉంది. మా సిస్టం మీద నమ్మకం లేదు కాబట్టి అప్ప వాళ్ల ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకుని, టోరెంట్‌లో పెట్టి రెండు రోజుల్లో దింపాను.

దింపాక వెంటనే వేయలేదు. ఎందుకంటే చదువుతుంటే ఒకటి కంటపడింది. 2016 ఫిబ్రవరి 20న ఎవరో లినక్స్ మింట్ సైటులోకి దూరి, డౌన్‌లోడ్ లింకుని తమ దొంగ ఫైలు వైపు తిప్పేశారు. ఆ రోజు దింపుకున్నవాళ్లకి ఓపెన్ సోర్స్ పేరుతో దొంగతలుపు చేరింది. ఆ సంగతి మింట్ వాళ్లే వెంటనే బయటపెట్టి, ఫైలు సరిచూసుకునే పద్ధతి చెప్పారు. అసలు ఫైలుకి ఒక వేలిముద్ర ఉంటుంది, 64 అక్షరాలది, సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలు. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ ముద్ర మొత్తం మారిపోతుంది. మనం దింపిన ఫైలు ముద్ర తీసి, వాళ్లు ప్రకటించిన దానితో పోల్చుకోవాలి.

కంప్యూటర్‌తోనే పోల్చించవచ్చు. కానీ ఆ రోజు నాకు నా కళ్లతో చూడాలనిపించింది. వాళ్లు ఇచ్చిన ముద్ర నా ఫోన్లో, నేను తీసిన ముద్ర ల్యాప్‌టాప్ తెర మీద. నాన్నని పిలిచాను. "ప్రూఫ్ చూడాలా?" అన్నారు. అవును నాన్నా, ప్రూఫే. ఆయన కళ్లజోడు తుడుచుకుని ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. ప్రెస్ రోజుల్లో ఒకరు కాపీ పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫ్ మీద వేలు నడుపుకుంటూ వెళ్లేవాళ్లు. అలాగే చదివారు. నాలుగేసి అక్షరాలకి ఒకసారి ఆగి, నేను ఊఁ అన్నాకే ముందుకెళ్తూ. "ఏడు, బి, సున్నా, సున్నా." ఊఁ. "డి, నాలుగు, ఎఫ్, ఒకటి." ఊఁ. మధ్యలో ఒకచోట 'బి' అన్నది నాకు 'డి' అని వినబడి గుండె ఆగినంత పనైంది. మళ్లీ చదివించుకున్నాను. పదహారు విడతలు. చివరి అక్షరం కలిసినప్పుడు ఆయన ఫోన్ కింద పెట్టి "అచ్చుకి ఇచ్చెయ్యొచ్చు" అన్నారు. జ్ఞాపకాల ఫైలు పోయిన తర్వాత ఆయన మొహంలో వెలుగు చూసింది ఆ మధ్యాహ్నమే.

సైటే దొంగల చేతిలో ఉంటే దాని మీది ముద్ర కూడా మార్చగలరు కదా అని అడగొచ్చు. సరైన ప్రశ్నే. అందుకే ఆ ముద్రల కాగితం మీద మింట్ వాళ్ల డిజిటల్ సంతకం కూడా ఉంటుంది, దాన్ని కూడా సరిచూడటం తర్వాత నేర్చుకున్నాను. క్రాక్ వేసేటప్పుడు ఏ సంతకం చూశాం? ఎవరు తయారు చేశారో, ఏం కలిపారో ఎవరికి తెలుసు? 'యాంటీవైరస్ ఆపండి' అన్న మాట నమ్మి ఇంటి తాళంచెవి ఇచ్చేశాం.

ఐదేళ్లు దాటింది. ఇప్పుడు షాపులో రెండు సిస్టంలు మింట్ మీద నడుస్తున్నాయి. అప్‌డేట్ వస్తే కింద చిన్న డాలు గుర్తు కనబడుతుంది, నొక్కి పాస్‌వర్డ్ ఇస్తే అయిపోతుంది. యాక్టివేషన్ ఊడుతుందన్న టెన్షన్ లేదు. నా వరకు నాకు ఓపెన్ సోర్స్ ఇచ్చిన అసలు భద్రత అదే. డబ్బు లేనివాళ్లకి కూడా నిజాయితీగా అప్‌డేట్ తీసుకునే హక్కు. పాస్‌వర్డ్‌లు ఒకప్పుడు బల్ల అద్దం కింద కాగితం మీద ఉండేవి, ఇప్పుడు పాస్‌వర్డ్‌లు దాచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కీపాస్‌ఎక్స్‌సీలో ఉన్నాయి. ఆ ఫైలు నా దగ్గరే ఉంటుంది, ఎవరి సర్వర్లోనూ కాదు. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొన్నాను. ఒకటి షాపులో ఉన్న వారం రెండోది ఇంట్లో బీరువాలో ఉంటుంది. రెండూ ఒకేసారి సిస్టంకి తగిలించను.

అక్షరాల సంగతి కూడా చెప్పాలి. పాత మేటరంతా అను ఫాంట్లలో, ఒడియా అయితే ఆకృతిలో. అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్ కాదు, కాబట్టి మార్చుకోవడం పెద్ద పనే అయింది. కానీ సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా, చట్టబద్ధంగా అందరూ వాడుకునేలా ఇచ్చిన తెలుగు ఫాంట్లు దొరికాయి. వాటిల్లో ఒకదాని పేరు గిడుగు. మా ఊళ్లో రాజావారి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటువైపు వచ్చినప్పుడు ఆయన ఈ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పేరుతో ఉన్న అక్షరాలు ఏ క్రాకూ లేకుండా మా షాపు తెర మీద కనబడిన రోజు నేను కాసేపు పని ఆపేసి చూస్తూ కూర్చున్నాను.

అన్నీ సుఖంగా లేవు, ఆ మాట దాచను. మా పాత లేజర్ ప్రింటర్ మింట్‌లో పనిచేయించడానికి రెండు రాత్రులు పట్టింది. ఆఫ్‌సెట్‌కి పంపే కార్డులకి నాలుగు రంగుల విభజన కావాలి. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో అది బలహీనం, కాబట్టి డిజైన్ అక్కడ చేసి పేజీలు పేర్చే స్క్రైబస్‌లో పెట్టి పీడీఎఫ్ తీస్తాను. ఆఫీసుల నుంచి వచ్చే వర్డ్ ఫైళ్లు లిబ్రె‌ఆఫీస్‌లో ఒక్కోసారి టేబుళ్లు చెదిరిపోతాయి. వేలిముద్రల మెషిన్, డిజిటల్ సంతకం టోకెన్ నాకు విండోస్‌లోనే సరిగ్గా నడిచాయి. అందుకని మూడో సిస్టం విండోస్ 11తో కొన్నాను, అసలుది, బిల్లుతో. అందులో విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఆన్‌లో ఉంటుంది, అప్‌డేట్లు ఆన్‌లో ఉంటాయి, రోజువారీ పని అడ్మిన్ కాని అకౌంట్‌లోనే చేస్తాను, ఆ పని తప్ప ఇంకేదీ దాంట్లో చేయను. కొన్న విండోస్‌ని నేను తిట్టను. డబ్బిచ్చాం, వాళ్లు నెలనెలా రెండో మంగళవారం అతుకులు పంపుతున్నారు. క్రాక్ వేసిన విండోస్ కంటే అది వెయ్యి రెట్లు మేలు. కొనే స్తోమత ఉండి, తన పనికి అదే కావలసినవాళ్లని లినక్స్‌కి మారమని బలవంతం చేయడం నాకు ఇష్టం లేదు.

ఇంకొక్కటి. పోయిన సంవత్సరం మా కస్టమర్ ఒకాయన ఫోన్‌కి తెలియని నంబరు నుంచి వాట్సాప్‌లో పెళ్లి కార్డు వచ్చింది. నొక్కాడు, ఇన్‌స్టాల్ చేయమంటే చేశాడు. అది కార్డు కాదు, ఏపీకే, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు. మెసేజ్‌లు, ఓటీపీలు అవతలివాడికి వెళ్లిపోయాయి, ఖాతాలో డబ్బు పోయింది. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లినక్సే. ఓపెన్ సోర్స్ అయినంత మాత్రాన ఆయన్ని కాపాడలేకపోయింది, ఎందుకంటే తలుపు ఆయనే తీశాడు. శుభలేఖలు వేసేదాన్ని కాబట్టి ఇది నా గుండెకి ఇంకా గట్టిగా తగిలింది. ఆ రోజు నుంచి మా షాపులో ప్రతి కస్టమర్‌కీ చెబుతున్నాను: శుభలేఖ పీడీఎఫ్‌గానో ఫోటోగానో వస్తుంది, ఇన్‌స్టాల్ చేయమని ఎప్పుడూ అడగదు. మీ చుట్టాలకి కూడా చెప్పండి.

ఏటా సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకి ఇక్కడ మెషిన్లన్నిటికీ బొట్టు పెడతాం. తుప్పు పట్టిన ట్రెడిల్‌కి కూడా నాన్న పసుపు రాస్తారు. నాలుగేళ్లుగా ఆ రోజు ఇంకో పని కూడా చేస్తున్నాను. కార్డులో విదేశీ చెల్లింపులు తెరిపించుకుని, నేను వాడే సాఫ్ట్‌వేర్‌లలో ఏదో ఒకదానికి విరాళం పంపుతాను. ఒక ఏడు మింట్‌కి, ఒక ఏడు లిబ్రె‌ఆఫీస్ వాళ్లకి, ఒక ఏడు ఇంక్‌స్కేప్‌కి. క్రాక్ వేయించుకున్నప్పుడు ఆ అబ్బాయికి ఇచ్చిన మొత్తమే, మూడు వందలు. ఎక్కడో ఒక గదిలో ఒక్కడే కూర్చుని అందరి తాళాలూ చూసుకుంటున్న మనిషికి చిన్న మొత్తమైనా చేరాలని.

మాస్టారికి ఈ రోజు పొద్దున ఫోన్ చేశాను. ల్యాప్‌టాప్‌తో ఏమేం పనులు చేస్తారో అడిగాను. పెన్షన్ కాగితాలు చూసుకోవడం, మనవరాలితో వీడియో కాల్, తెలుగులో పద్యాలు టైపు చేసుకోవడం, అంతే అన్నారు. ఆ పనులకి మింట్ చాలు. "ఇప్పుడే తెచ్చేయనా?" అన్నారు. వద్దు మాస్టారూ, ముందు ఫోటోలూ పద్యాలూ రెండు పెన్‌డ్రైవ్‌ల్లోకి ఎక్కించండి, ఒకటి మీ దగ్గర, ఒకటి మీ అబ్బాయి దగ్గర ఉంచండి, రెండూ ఒకసారి తెరిచి చూసుకోండి, అప్పుడు తెద్దురుగాని అన్నాను. పద్యాలు ఎన్ని ఉన్నాయని అడిగితే రెండు వందల పైచిలుకట. వచ్చే ఆదివారం తెస్తానన్నారు.